ఆ పుట్టినరోజు నాటికి అమ్మకెన్నేళ్ళు?

మన పత్రికల్లో జ్ఞాపకాల వ్యాసాలకి ఒక వరస స్థిరపడిపోయింది. ఆదివారం అనుబంధాల్లో, పూర్వవిద్యార్థుల సావనీర్లలో, ఉద్యోగ విరమణ తర్వాత అచ్చువేసుకునే స్వీయచరిత్రల్లో అదే వరస. చిన్నప్పటి పుట్టినరోజుతో మొదలవుతుంది. తెల్లవారకముందే కట్టెల పొయ్యి మీద కాగులో మసిలే నీళ్ళు, కుంకుడుకాయ నురగ, కళ్ళమంట, కొత్త నిక్కరు, అమ్మ పట్టిన హారతి, ఇంటినిండా పోలెల వాసన. ఆ తర్వాత పోయిన వస్తువుల జాబితా వస్తుంది. రోలు, రోకలి, ఇసుర్రాయి, గాసునూనె స్టవ్వు, ఇత్తడి బిందె, సిరాబుడ్డి, ట్రాన్సిస్టరు, పోస్టుకార్డు. చివర ఒక నిట్టూర్పు: ఇప్పుడవన్నీ ఏవీ?

ఇలాంటి వ్యాసాలు నేను ఇష్టంగానే చదువుతాను. నిజామాబాద్‌లో పుట్టి పెరిగినదాన్ని, పోలెలన్న మాట కనబడితే నాకూ నోరూరుతుంది. అయితే కొన్నేళ్ళుగా చదువుతూ చదువుతూ ఒక లెక్క వేయడం అలవాటయింది. రచయిత తన పదో పుట్టినరోజు గురించి రాస్తాడు. అదే వ్యాసంలో ఇంకోచోట, అమ్మకు పదిహేనో ఏట పెళ్ళయిందని, తను తొలిచూలు బిడ్డనని చెబుతాడు. కూడి చూస్తే ఆ రోజు ఆ తల్లికి ఇరవై ఆరో ఇరవై ఏడో. ఈ అంకె తెలిశాక ఆ వ్యాసం మునుపటిలా కనబడదు. తులసికోటలాగా వయసు లేకుండా నిలబడి ఉన్న 'అమ్మ' హఠాత్తుగా ఒక చిన్నపిల్ల అయిపోతుంది. ఇప్పటి లెక్కన చూస్తే గ్రూప్ టూ పరీక్షకి కోచింగ్ తీసుకుంటూ ఉండే వయసు. ఆ పిల్ల నాలుగింటికి లేచి, వాకిలి ఊడ్చి, పొయ్యి రాజేసి, చంకలో ఇంకో బిడ్డను పెట్టుకుని పూర్ణం రుబ్బింది. వ్యాసం కొడుక్కి తేదీ ఇచ్చింది, వయసు ఇచ్చింది, కొత్తబట్టలు ఇచ్చింది. తల్లికి ఒక వంటకం మాత్రం ఇచ్చి ఊరుకుంది.

నా అభ్యంతరమల్లా ఇక్కడే. గతాన్ని తలుచుకోవడం తప్పని నేననను. పాతవాటి మీద మమకారం ఉన్నవాళ్ళంతా అభివృద్ధి నిరోధకులని తేల్చేసే తొందరా నాకు లేదు. 'నోస్టాల్జియా' అనే మాటని 1688లో యోహానెస్ హోఫర్ అనే స్విస్ వైద్యవిద్యార్థి తయారుచేశాడు. ఇంటికి దూరమైనవాళ్ళకి వచ్చే జబ్బుగా దాన్ని వర్ణించాడు. మనకి 'బెంగ' అని చక్కని సొంతమాట ఉంది. పెళ్ళి పేరుతో సొంత ఇల్లు, ఊరు వదిలి వెళ్ళడం ఈ దేశంలో దాదాపు ప్రతి ఆడపిల్లకీ జరిగేదే. అంటే బెంగకి అందరికంటే ముందు హక్కుదారులు మనమే. కానీ మన బెంగని ఎవరూ సాహిత్యం అనలేదు. 'అందరాడోళ్ళు పోయేదే గదా, నీదేమన్న కొత్తనా' అని నోరు మూయించారు. అదే బెంగ మగవాడు పట్నంలో ఉద్యోగంలో స్థిరపడ్డాక రాస్తే వ్యాసమయింది.

స్వెత్లానా బోయిమ్ 2001లో వచ్చిన తన పుస్తకంలో నోస్టాల్జియాని రెండు రకాలుగా విడదీసింది. ఒకటి పోయిన ఇంటిని ఉన్నదున్నట్టు మళ్ళీ కట్టాలనుకుంటుంది. రెండోది ఆ పోవడం గురించి, మధ్యలో గడిచిన కాలం గురించి ఆలోచిస్తుంది. మన పుట్టినరోజు వ్యాసాలు చాలావరకు మొదటి రకం. అవి రోలుని వెనక్కి అడుగుతున్నట్టు కనిపిస్తాయి. నిజానికి రోటి వెనక కూర్చున్న మనిషిని కూడా అదే చోట కూర్చోబెట్టి అడుగుతున్నాయి.

మన స్త్రీల సాహిత్యం ఈ పని వేరుగా చేసింది. విమల 'వంటిల్లు' కవిత చాలామందికి గుర్తుండే ఉంటుంది. అదీ జ్ఞాపకంతోనే మొదలవుతుంది. చిన్నపిల్లకి వంటిల్లు ఒక వాసనల లోకం. అక్కడితో ఆగిపోతే అదీ ఒక ఆదివారం వ్యాసంలాంటిదే అయ్యేది. కానీ ఆ పిల్ల పెద్దదవుతుంది. అదే గది తనని ఆడదానిగా తయారుచేస్తోందని తెలుసుకుంటుంది. వంటింటికి రాణి అనిపించుకున్న తల్లి తోమే గిన్నెల మీద ఉన్నది తండ్రి పేరని కనిపెడుతుంది. మొదటి ఇష్టం అబద్ధమని ఆ కవిత చెప్పదు. ఆ ఇష్టం నుంచి బయల్దేరి కోపం దాకా నడిచి వెళ్తుంది. ఆ నడకే మన వ్యాసాల్లో లేనిది.

పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలో గృహిణి ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరు మర్చిపోతుంది. ఎవర్నడిగినా ఏదో ఒక వరస చెబుతారు గాని పేరు చెప్పలేరు. చివరికి చిన్నప్పటి స్నేహితురాలు గుర్తుచేస్తే గాని అది దొరకదు. ఆ కథ మీద ఎంతో చర్చ జరిగింది. నాకెప్పుడూ ఇంకొక సందేహం వచ్చేది. ఆమెకి పేరు దొరికింది సరే, ఎవరైనా పుట్టినరోజు ఎప్పుడని అడిగితే ఏం చెప్పేది? కథలోని గృహిణి చదువుకున్న మనిషి గనక సర్టిఫికెట్టు చూసుకునేది. మా అమ్మలాంటి వాళ్ళకి చూసుకోవడానికి ఆ కాగితమూ లేదు.

విమల కవితలోని ఆ గిన్నెల దగ్గరికే మళ్ళీ వద్దాం. పోయిన వస్తువుల జాబితాల్లో ఎవరూ రాయని ఒక అలవాటు ఉంది. స్టీలు గిన్నెల మీద పేరు కొట్టించడం. గిన్నెల దుకాణంలో కొన్న తర్వాత కరెంటు సూదితో జుర్రుమని చుక్కలు చుక్కలుగా పేరు, తేదీ చెక్కి ఇచ్చేవాళ్ళు. మా అమ్మ అరలోని సామాను ఒక రోజు దించి, చదవని పుస్తకం చదివినట్టు ఒక్కొక్కటీ చదివాను. ఎక్కువ గిన్నెల మీద మా నాయిన పేరు ఇంటిపేరుతో సహా ఉంది. రెండు చెంబుల మీద పెళ్ళి తేదీ. నాలుగు గ్లాసుల మీద మా తమ్ముని మొదటి పుట్టినరోజు, తేదీతో. నా పేరున్నది ఒకే ఒక్క పళ్ళెం మీద. అది నేను పెద్దమనిషినైనప్పుడు చేసిన ఫంక్షన్‌కి వచ్చిన పళ్ళెం. పుట్టింటివాళ్ళు అమ్మకి పెట్టిన బిందె మీద ఆమె తండ్రి పేరు ఉంది. ఆమె పేరు ఎక్కడా లేదు. ఆమె తేదీ ఎక్కడా లేదు.

ఆ అర మా ఇంటి చరిత్రని ఉన్నదున్నట్టే చెబుతోంది. కొడుకు పుట్టినరోజు లోహం మీద చెక్కదగిన సంఘటన. ఆడపిల్లకి చెక్కదగిన సంఘటన ఆమె పుట్టడం కాదు, ఆమె శరీరం పెళ్ళికి సిద్ధమైందని తెలియడం. పుట్టిన ఘడియ రాసిపెట్టుకోని ఆడపిల్లకి, పెద్దమనిషైన ఘడియని బట్టి నక్షత్రం చూసే అలవాటు చాలా ఇళ్ళల్లో ఉండేది. ఆడదాని కాలం ఎక్కడినుంచి లెక్కకు వస్తుందో ఇంతకంటే సూటిగా ఏ సిద్ధాంత గ్రంథం చెబుతుంది?

మరి అమ్మ ఎప్పుడు పుట్టింది? దీనికి జవాబు మా అమ్మమ్మ దగ్గర ఉండేది. "పోలీసు యాక్షన్ అయినంక రెండో గానుగకు పుట్టింది బిడ్డా. కూత కూసినంక నొప్పులు మొదలైనయ్" అనేది. ఈ మాట అర్థం కావాలంటే బోధన్ సంగతి తెలియాలి. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. ఆ కాలువ నీళ్ళతో ఈ నేల చెరుకు సీమ అయింది. 1937లో బోధన్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. దాని చుట్టూ వెలసిన ఊరి పేరే శక్కర్‌నగర్. చలికాలంలో గానుగ మొదలైతే చెరుకు బండ్లు దారి పొడవునా బారులు కట్టేవి. చుట్టుపక్కల ఊళ్ళకి ఫ్యాక్టరీ కూతే గడియారం, గానుగే పంచాంగం. పోలీసు యాక్షన్ 1948 సెప్టెంబరు. ఆ చలికాలం మొదటి గానుగ. రెండోది 1949 చివర. అమ్మమ్మ చదువు రాని మనిషి, చెరుకు తోటల్లో కూలి చేసిన మనిషి. బిడ్డ పుట్టుకని ఒక సైన్యం రాకతోనూ ఒక కార్ఖానా పనితోనూ కలిపి గుర్తుపెట్టుకుంది. మా నాయిన రైసుమిల్లులో లెక్కలు రాసిన మనిషి. భార్య పుట్టిన సంవత్సరం ఆయనకి తెలియదు.

ఆ లెక్కన 1976లో మా తమ్ముని ఐదో పుట్టినరోజు నాటికి మా అమ్మకి ఇరవై ఆరేళ్ళు. నాకు ఎనిమిది. ఆ రోజుని నేనూ పోలెల వాసనతోనే గుర్తుపెట్టుకోవచ్చు. కానీ ఇంకో వాసన కూడా గుర్తుంది, తంబాకుది. నిజామాబాద్‌లో వేలమంది ఆడవాళ్ళలాగే అమ్మ బీడీలు చుట్టేది. కూలి వెయ్యి బీడీల లెక్క. ముందురోజు రాత్రి తునికాకు నానబెట్టాలి, కత్తిరించాలి, నింపాలి, చుట్టాలి, దారం కట్టాలి. కొడుకు పుట్టినరోజని కంపెనీ లెక్క ఆగదు. పొద్దున పోలెలు చేసి, మధ్యాహ్నం అందరికీ పెట్టి, రాత్రి గుడ్డిదీపం ముందు చాట పెట్టుకుని మిగిలిన బీడీలు చుట్టింది. సబ్బుతో ఎంత కడిగినా ఆ వేళ్ళకి తంబాకు వాసన పోయేది కాదు. మేం తిన్న పోలెలకి కూడా లీలగా ఆ వాసన ఉండేది. జ్ఞాపకాల వ్యాసాల్లో పోలెలకి ఎప్పుడూ నెయ్యి వాసనే ఎందుకు వస్తుందో ఆలోచించండి.

చక్కెర సంగతీ చెప్పాలి. మా ఇంటికి పాతిక కిలోమీటర్ల పైచిలుకు దూరంలో అంత పెద్ద చక్కెర ఫ్యాక్టరీ. మా ఇంట్లో చక్కెర మాత్రం రేషను కార్డు మీద వచ్చినంతే. అది వచ్చేపోయేవాళ్ళ చాయ్‌కి దాచాలి. అందుకే పండగకీ పుట్టినరోజుకీ బెల్లమే. ఇప్పుడు బెల్లాన్ని 'ఆరోగ్యకరమైన మన పాత తిండి' అని పొగిడేవాళ్ళని చూస్తే అమ్మ నవ్వుతుంది. చెరుకు నరికిన ఊరి ఆడవాళ్ళకి చక్కెర అందకపోవడం మన సంస్కృతి కాదు, మన పేదరికం.

పుట్టినరోజు లేకపోతే ఏమయింది, కేకు కోయలేదు అంతే కదా అనుకునేవాళ్ళుంటారు. పుట్టినరోజు లేనితనం కేకు దగ్గర ఆగదు. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. అంతకుముందు పల్లెల్లో పుట్టిన ఆడవాళ్ళలో ఎంతోమంది ఏ రిజిస్టరులోనూ లేరు. బడికి పోయిన మగపిల్లలకి పంతులు ఏదో ఒక తేదీ వేశాడు. బడి గడప తొక్కని ఆడపిల్లలకి ఆ దొంగ తేదీ కూడా దక్కలేదు. ఆధార్ వచ్చినప్పుడు తేదీ చెప్పలేనివాళ్ళకి అంచనాగా సంవత్సరం రాశారు. ఆ సంవత్సరమే తర్వాత చాలాచోట్ల జనవరి 1 అయి కూర్చుంది. మా వాడకట్టులో అమ్మ ఈడు ఆడవాళ్ళు సగం మంది కాగితాల మీద జనవరి 1న పుట్టినవాళ్ళే. కొత్త సంవత్సరం నాడు వాళ్ళ ఫోన్లకి ఏదో బ్యాంకు నుంచి జన్మదిన శుభాకాంక్షలు వస్తాయి. "నాకెవలు పంపిన్రే ఇది?" అని అమ్మ చూపిస్తే చదివి వినిపించాను. ఆమె జీవితంలో అందుకున్న మొదటి పుట్టినరోజు సందేశం అది, తనది కాని రోజున.

రోజు తప్పితే నవ్వుకోవచ్చు. సంవత్సరం తప్పితే నవ్వుకోలేం. కార్డు రాసిన చెయ్యి ఎవరిదో గాని ఆమెని 1954లో పుట్టించింది. 2014లో ఆసరా మొదలైనప్పుడు వృద్ధాప్య పింఛనుకి 65 ఏళ్ళు నిండాలన్నారు. తర్వాతెప్పుడో దాన్ని 57కి తగ్గించారు. అమ్మమ్మ లెక్కలో అప్పటికి అమ్మకి 65 నిండబోతున్నాయి. కార్డు లెక్కలో ఇంకా అయిదేళ్ళు తక్కువ. అమ్మమ్మ గానుగ లెక్క ఏ కౌంటరులోనూ చెల్లలేదు. బీడీ కార్మికులకీ పింఛను ఇస్తామన్నప్పుడు పీఎఫ్ ఖాతా అడిగారు. ఇంట్లో కూర్చుని బీడీలు చుట్టేవాళ్ళకి కూడా పీఎఫ్ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. కానీ అమ్మ చుట్టిన బీడీలు చాలాకాలం ఇంకొకరి కార్డు మీద లెక్కకెక్కాయి. గిన్నెల మీద లేని పేరు కార్డు మీద మాత్రం ఎక్కడినుంచి వస్తుంది?

ఇంత చెప్పాక ఒక ప్రశ్న మిగులుతుంది. ఆడవాళ్ళకి పోయినవాటి మీద బెంగ లేదా? ఉంది. అయితే అది వ్యాసాల్లో రాసే వస్తువుల మీద లేదు. రోలు యాదికొస్తదా అని అమ్మని అడిగాను. "మీకు యాదికొస్తది బిడ్డా, మీరు తిన్నరు. యాదికొస్తె నా రెక్కలు ఇప్పటికీ గుంజుతయ్" అంది. మరేం యాదికొస్తదంటే కొంచెంసేపు ఆలోచించి, అరుగు మీద చాటలు ముందేసుకుని ఏడెనిమిది మంది కూర్చుని బీడీలు చుట్టిన మధ్యాహ్నాలు అంది. ఒకరి ఆకు అయిపోతే ఇంకొకరు ఇచ్చేవాళ్ళు. ఒకరి మొగుడు కొడితే అందరూ మాట్లాడేవాళ్ళు. రేడియో ఒకరిది, వినేది అందరూ. అరుగులు పోయాయి. ఆ గుంపూ పోయింది.

శక్కర్‌నగర్ క్వార్టర్లలో బతికిన మా చిన్నమ్మకి కూత మీద బెంగ. ఫ్యాక్టరీలో పర్మినెంటు కొలువులు ఎక్కువగా మగవాళ్ళవే. అయినా నెలనెలా జీతం వచ్చిన రోజుల్లో కిరాణా దుకాణంలో తలెత్తుకుని నిలబడిందీ, బిడ్డల్ని బడికి పంపిందీ చిన్నమ్మే. 2002లో ఫ్యాక్టరీలో 51 శాతం వాటా ప్రైవేటు చేతుల్లోకి పోయింది. 2015 డిసెంబరులో గానుగ ఆగిపోయింది. జీతాలు ఆగితే నగలు ముందు ఎవరి మెడలోంచి దిగుతాయో చెప్పక్కర్లేదు. చిన్నమ్మ బెంగలో పోలెల వాసన లేదు. ఒక పని, ఒక జీతం, ఒక భరోసా ఉన్నాయి. దాన్ని బెంగ అనడం కంటే నిలదీయడం అంటేనే సరిపోతుంది. బోయిమ్ చెప్పిన ఆలోచించే నోస్టాల్జియాకి నాకు తెలిసిన మంచి ఉదాహరణ ఇదే.

రోలు పోయినంత మాత్రాన చాకిరీ పోయిందని కూడా ఎవరూ అనుకోనవసరం లేదు. ఇప్పుడు కేకు బేకరీ నుంచి వస్తుంది, పూర్ణం మిక్సీలో తిరుగుతుంది. బెలూన్లు ఊదించేది, రిటర్న్ గిఫ్టులు లెక్కపెట్టేది, సెలవు దొరక్క సగంరోజు జీతం వదులుకునేది, రాత్రి పదకొండింటికి ప్లేట్లు ఎత్తేది ఇప్పటికీ ఆమే. 2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకి బడిలో చేరడం నుంచి పెళ్ళి నమోదు దాకా జనన ధ్రువపత్రమే రుజువుగా పనిచేస్తుందని చట్టం చెప్పింది. మంచిదే, రేపటి ఆడపిల్లలకి తేదీ ఉంటుంది. కానీ నలభై ఏళ్ళ తర్వాత ఇప్పటి ఐదేళ్ళ పిల్లవాడు మిక్సీ చప్పుడు గురించి, బేకరీ కేకు గురించి మురిపెంగా ఒక వ్యాసం రాస్తాడు. ఆ వ్యాసంలో అతని తల్లికి వయసు ఉంటుందా? కాగితం ఉన్నంత మాత్రాన ఉండదు. ఎవరో ఒకరు ఆమెని అడిగి ఉండాలి.

నా దృష్టిలో నిజంగా మాయమైపోతున్న నిత్యజీవితపు వస్తువు ఇసుర్రాయి కాదు. ఇసుర్రాళ్ళు రిసార్టుల వాకిళ్ళలో భద్రంగానే ఉన్నాయి. పోతున్నది మా అమ్మమ్మ లాంటివాళ్ళు కాలాన్ని కొలిచిన పద్ధతి. కాలువకి నీళ్ళొచ్చిన ఏడు, కరువేడు, రెండో గానుగ, కూత కూసినంక. స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చినప్పుడు, సాయుధపోరాటంలో ఉన్న ఆడవాళ్ళ దగ్గర కూర్చుని, అడిగి, విని రాశారు. ఆ పని వీరనారుల దగ్గరే చేయాలని లేదు. పోలెలు చేసినామె దగ్గరా చేయవచ్చు.

కాబట్టి జ్ఞాపకాలు రాసే మిత్రులకి, మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ కూడా, నాదొక విన్నపం. పోలెల గురించి తప్పకుండా రాయండి. రాసేముందు ఆ రోజు అమ్మకి ఎన్నేళ్ళో లెక్కగట్టి ఆ అంకె కూడా వేయండి. నీళ్ళు ఎవరు మోశారో, ఆ రోజు కూలి పని ఎప్పుడు పూర్తిచేశారో, అందరూ తిన్నాక గిన్నెలో ఎంత మిగిలిందో అడగండి. ఆమె ఏ గానుగకి పుట్టిందో, ఏ వరదకి పుట్టిందో ఇంట్లో చెప్పగలిగినవాళ్ళు ఒక్కరున్నా ఈ నెలలోనే రాసిపెట్టుకోండి. ఆమెకి బెంగ దేనిమీద ఉందో చివరగా అడగండి. వచ్చిన జవాబు మీ జాబితాలో లేకపోతే జాబితా మార్చండి.